మొదటి ముద్ద

సంగటి గిన్నెను రెండు పాదాల మధ్య అదిమిపెట్టుకుని, తెడ్డుతో గెలికి గెలికి, తడి చేత్తో కమలాక్షి తీసే మొదటి ముద్ద ఎవరిదో ఆ ఇంట్లో ఎవరూ అడగరు. అది కిషోర్‌ది. పైన ఉండే సంగటి వెన్నలాగా ఉంటుంది, నడిమధ్య గుంట చేసి నెయ్యి పోస్తే అలాగే నిలబడుతుంది. రెండో ముద్ద భర్త లక్ష్మీపతిది. ఆ తర్వాత కూతురు జాహ్నవిది. అడుగున గిన్నెకు అంటుకుని, గట్టిపడి, కాస్త మాడు వాసన వేసేది కమలాక్షిది. కట్టుకున్నవాడికంటే ముందు బావగారి కొడుక్కి పెట్టడమేమిటని ఒకసారి చుట్టాలావిడ ఎవరో నవ్వితే, లక్ష్మీపతే అందుకుని జవాబు చెప్పాడు.

"రేపు నన్ను కాటికి చేర్చేది వాడే గదమ్మా. వాని కడుపు సల్లగుంటేనే గదా నా కట్టె సక్కగా కాలేది!"

అందరూ నవ్వారు. కమలాక్షి కూడా నవ్వింది. నవ్వి, లోపలికెళ్లి కిషోర్ కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది.

జాహ్నవి పుట్టాక కమలాక్షికి రెండు కడుపులు నిలవలేదు. మూడోసారి ప్రాణం మీదికొచ్చి, మదనపల్లెలో ఆస్పత్రివాళ్లు గర్భసంచి తీసేశారు. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి మంచం పక్కన లక్ష్మీపతి కూర్చుని ఉన్నాడు. నొప్పిగా ఉందా అని అడుగుతాడనుకుంది. "అట్లయితే నాకు కుండ పట్టేదెవురు?" అన్నాడు, ఆమెతో కాదు, గోడతో. చెడ్డవాడేం కాదు. ఒక దెబ్బ కొట్టి ఎరుగడు. పుంగనూరులో ఎరువుల అంగడి పెట్టుకుని, నలుగురికీ అప్పా అన్నా అంటూ బతికినవాడు. కానీ కొరివి కుండ పట్టే కొడుకు లేడనే ఆ ఒక్క బెంగ మాత్రం చెప్పులో రాయిలాగా ఆయన్ను జీవితమంతా కుంటించింది. నిమ్మనపల్లె దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే అన్న గోవిందప్పకు ఇద్దరూ మగపిల్లలే. ఆయన ఒకరోజు చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, వాకిట్లో నిలబడే చెప్పాడు. "నా కొడుకు నీ కొడుకు కాదేంరా? వీడు ఈడనే సదువుకుంటాడు. నీకేమన్నా అయితే కుండ పట్టేది వీడే. ఇంగ నువ్వు దిగులు పెట్టుకోవాకు."

అప్పటినుంచి కమలాక్షి దిగులు మొదలైంది.

ఆమె అసలే భయస్తురాలు. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించినప్పటినుంచీ ప్రపంచమంతా తనకు తెలియని గుంతలతో నిండి ఉందనే ఆమె నమ్మకం. బస్సు అరగంట ఆలస్యమైతే బోల్తాపడిందనుకుంటుంది. పిల్లకు తుమ్మొస్తే ఆస్పత్రి గుర్తొస్తుంది. గ్యాసు బండ ఆపేసి వచ్చి, మళ్లీ వెళ్లి చూసి, పడుకున్నాక ఇంకోసారి లేచి చూస్తుంది. ఇప్పుడు ఆ భయాలన్నింటికీ పెద్దదొకటి వచ్చి చేరింది. కిషోర్‌కు కోపమొస్తే? "మా సిన్నమ్మ సరిగ్గా సూసుకోలేదు" అని ఒక్క మాట తల్లి దగ్గర అంటే? రేపు అవసరానికి రానంటే? ఆ పిల్లాడు ఏనాడూ రానని అనలేదు, కోపగించుకోనూ లేదు. కానీ భయానికి కారణం కావాలా? వాడికి వంకాయ గిట్టదంటే ఆ ఇంట్లో వంకాయ కూర మానేసింది. జాహ్నవికి వంకాయంటే ప్రాణం. "మీ అత్తగారింట్లో వండుకోని తిందువులేమ్మా" అని తేల్చేసింది. వాడికి పరీక్షలైతే ఇంట్లో టీవీ లేదు. వాడి సాక్సులు జాహ్నవి ఉతికేది, వాడి స్నానానికి నీళ్లు జాహ్నవి తోడేది. ఇంటరు అయ్యాక మదనపల్లెలో బీఎస్సీ చేస్తానని ఆ పిల్ల ఏడ్చింది. "పొద్దున్నే నువ్వు బస్సెక్కి పోతే, వానికి క్యారియరు కట్టేకి నేనొకదాన్నే ఎట్ల చచ్చేదే? ఈడ కాలేజీ లేదా?" అన్న మాట కమలాక్షి నోటినుంచే వచ్చింది. లక్ష్మీపతి చెప్పమనలేదు. ఆయన చెప్పాల్సిన అవసరం ఎప్పుడో పోయింది.

కిషోర్ చదువు ముగించి మదనపల్లె టమోటా మండీలో పనికి కుదిరాడు. శనివారం మోటారుసైకిలు మీద వస్తాడు, సోమవారం పొద్దున పోతాడు. ఆ రోడ్డు మీద టమోటా లారీలు ఎలా పోతాయో ఆమెకు తెలుసు. వాడు వచ్చేదాకా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతుంది. తన భయం ఆ పిల్లాడి కోసమా, వాడి చేతిలో ఉండాల్సిన కుండ కోసమా అని ఒకసారి బియ్యం చెరుగుతూ చెరుగుతూ అనుకుని, అనుకున్నందుకు లెంపలు వేసుకుంది.

ఇన్ని భయాలు పడ్డ మనిషి, లక్ష్మీపతి చచ్చిపోతాడని మాత్రం ఏనాడూ భయపడలేదు. ఆయన చావు గురించి ఇంట్లో రోజూ మాట్లాడుకునేవాళ్లు కాబట్టి కాబోలు, అది ఎప్పటికీ మాటగానే ఉంటుందనుకుంది.

రెండువేల నాలుగు ఎండాకాలంలో, ఒక సాయంత్రం, అంగడి షట్టరు దించబోతూ వంగినవాడు వంగినట్టే కూలిపోయాడు. ఎదురంగడి వాళ్లు మోసుకుని ఇంటికి తెచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

మరునాడు పొద్దెక్కేసరికి వాకిట్లో షామియానా లేచింది. శవాన్ని నడవలో పడుకోబెట్టి, తలవైపు దీపం పెట్టారు. కమలాక్షి కాళ్ల దగ్గర కూర్చుంది. ఏడుపు వస్తోంది, వచ్చి గొంతు దాకా నిండుతోంది, అంతలో ఎవరో వచ్చి భుజం తడుతున్నారు.

"అమ్మా, టీ పొడి యాడుండాది?"

"పై అరలో, పసుపు డబ్బా ఎనకాల."

మళ్లీ ఏడవబోతే ఇంకొకరు. "కొత్త పంచ ఉండాదా కమలాక్షీ, లేకుంటే అంగట్లో తెప్పించల్లనా?" ఆమె లేచి బీరువా తీసి పంచ ఇచ్చి వచ్చింది. కూర్చుంది. ఇత్తడి చెంబు ఎక్కడ? చక్కెర అయిపోయింది. నీళ్ల మోటారు స్విచ్చి ఏది? మొగుడు చచ్చినరోజు కూడా ఈ ఇల్లు తనను కూర్చోనివ్వదని ఆమెకు అనిపించింది. కోపంగా కాదు, నీళ్లు మోసి మోసి బిందె దించినప్పుడు భుజానికి అనిపించినట్టు అనిపించింది. ముందుండి జరిపించేది ఎవరని బయట మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. అది మాటలకు పనిలేని సంగతి. "ఇంకెవురప్పా, కిషోర్ ఉండాడు గదా" అన్నారెవరో. "ఆ, వాడే గదా. దానికే గదా పెంచుకునింది" అన్నారు ఇంకెవరో. టీ గ్లాసుల చప్పుడైంది.

జాహ్నవి వచ్చి తల్లి చెవిలో అంది. "అమ్మా, మా నాయనకు నేను పట్టుకోకూడదా కుండ?"

కమలాక్షి ఆ పిల్ల చెయ్యి పట్టి నొక్కింది. "నోరు మూసుకో. బయట రామచంద్రప్ప కూసోనుండాడు."

రామచంద్రప్పది కుప్పం. సిమెంటు అంగడి. ఆయన కొడుకు రాజగోపాల్‌కు జాహ్నవిని అడిగారు, వచ్చే నెలలో తాంబూలాలు మార్చుకోవాలనుకున్నారు. పిల్ల ఫోటో చూసి, ఇంటికొచ్చి చూసి, జాతకం చూసి, చివరికి ఆయన అన్న మాట ఒకటే. "అమ్మాయి నెమ్మదస్తురాలు. మాకు అదే కావల్ల." ఆ మాటను కమలాక్షి ఇన్నాళ్లుగా పూజగదిలో పెట్టుకున్నట్టు పెట్టుకుంది. చావు కబురు అందగానే ఆయన తొలి బస్సెక్కి వచ్చి, షామియానాలో ఒక పక్కగా తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. ఆడపిల్ల కుండ పట్టుకుని కాటికి నడిచిందంటే ఆ సంబంధం నిలుస్తుందా? అది పోతే ఇంకొకటి వస్తుందా? తండ్రి లేడు, అన్నదమ్ముల్లేరు, పైగా ఇదొకటి అంటారు. కమలాక్షి కళ్ల ముందు జాహ్నవి నలభై ఏళ్ల మనిషై, నెరిసిన తలతో ఇదే నడవలో ఒంటరిగా దీపం పెట్టుకోవడం కనిపించింది. "నీకు దండం పెడతా, మాట్లాడవాకు" అంది. జాహ్నవి తండ్రి పాదాల మీది దుప్పటి సర్ది, టీ గ్లాసులు కడగడానికి వెళ్లింది.

మధ్యాహ్నానికి శవం లేచింది. దాసరి గంగులయ్య ముందు నడిచాడు. ఆ ఇంటివాళ్లు నామం పెట్టుకునేవాళ్లు, మూడు తరాలుగా చావుకు శంఖం ఊదేది గంగులయ్య కుటుంబమే. ఆయన వెనక కిషోర్, తడి పంచతో, నిప్పుల కుండను ఉట్టికి వేలాడదీసి పట్టుకుని నడుస్తున్నాడు. ముక్కు ఎర్రబడి ఉంది. పొద్దున వచ్చినప్పటినుంచి ఏడుస్తూనే ఉన్నాడు. వాడికి చిన్నాయనంటే నిజంగానే ఇష్టం. ఆ వెనక పాడె. పాడె వెనక మగవాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు. తారురోడ్డు కాళ్లను కాలుస్తోంది. ఊరు దాటాక వంక ఒకటుంది. వంకకు ఇవతలే దింపుడు కళ్లం. అక్కడ పాడెను ఒకసారి నేలమీదికి దించుతారు. కుండ పట్టినవాడు పోయిన మనిషి చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. ఏ మూలైనా ప్రాణముంటే ఆ పిలుపుకు కదులుతుందని. కదలకపోతే ఇక పాడె అక్కడినుంచి లేచి కాటికే పోతుంది. ఆడవాళ్లు అక్కడికే, ఆ తర్వాత వెనక్కి తిరగాలి.

పాడె దించారు. గంగులయ్య శంఖం చంకలో పెట్టుకుని అన్నాడు. "వంగు నాయనా. కుడి సెవి కాడ. నాయనా అని మూడుమాట్లు పిలువు."

కిషోర్ వంగాడు.

"ఆగరా!" అని ఆడవాళ్లలోనుంచి ఒక కేక. కిషోర్ తల్లి సుశీలమ్మ. మనుషుల్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "నాయనా అని మాత్రం పిలవొద్దురా. ఒట్టు."

"అట్లంటే ఎట్లమ్మా?" అన్నాడు గంగులయ్య. "కుండ పట్టినోడు కొడుకై పిలవల్ల గదా."

"వాని నాయన ఈడ పానంతో నిలబడుకోనుండాడు గదప్పా! బతికుండే నాయన్ని పక్కన పెట్టుకోని, సచ్చిన మనిషిని నాయనా అని మూడుమాట్లు పిలిస్తే... పోయినేడే ఆ మనిషికి గుండెల్లో నొప్పొచ్చి పది దినాలు ఆస్పత్రిలో ఉండె. నా బొట్టు గంగలో కలవల్లనా?"

మగవాళ్లందరూ గోవిందప్పకేసి చూశారు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, వంకలో నీళ్లున్నాయేమో చూస్తున్నట్టు అటు తిరిగాడు.

అప్పుడు కమలాక్షికి అర్థమైంది. ఇన్నేళ్లూ ఈ ఏర్పాటు దేనిమీద నిలబడి ఉందో. గోవిందప్ప పెద్దవాడు, లక్ష్మీపతి చిన్నవాడు. పెద్దవాడు ముందు పోతాడు, చిన్నవాడు తర్వాత పోతాడు. అప్పటికి కిషోర్‌కు పిలవడానికి తండ్రి ఉండడు, ఈయన్ను నాయనా అని పిలిస్తే తప్పూ ఉండదు. మాట ఇచ్చిన అన్నా అదే అనుకున్నాడు, పుచ్చుకున్న తమ్ముడూ అదే అనుకున్నాడు. చావు వయసు చూసి వరసలో వస్తుందని ఇంతమంది మగవాళ్లు ధైర్యంగా కూర్చున్నారు. ప్రతిదానికీ భయపడే తనకు కూడా ఈ ఒక్క భయం తట్టలేదు.

"సిన్నాయనా అని పిలవనీప్పా, ఏమైతాది?" అన్నాడొక పెద్దమనిషి.

కిషోర్ వంగి, "సిన్నాయనా" అన్నాడు. గంగులయ్య తల అడ్డంగా ఊపాడు. "అట్ల కుదరదు. మీ ఇంట్లో ముసిలాయనకూ, వాళ్ల నాయనకూ, అందరికీ నాయనా అనే పిలిసినారు. మా నాయన పిలిపించింది నేను సూసినా. నాయనా అని పిలవనోడు ఈడ నుంచి కుండ ఎత్తకూడదు."

"పోనీ గోవిందప్పా, నువ్వే పట్టు."

"నేనా?" గోవిందప్ప ఉలిక్కిపడ్డాడు. "తమ్మునికి అన్న పెట్టేదా? యాడన్నా ఉండాదా?"

"ఇంగోసారి ఆలోసన సెయ్యి సుశీలమ్మా."

"మీ పెండ్లాలు ముండమోసేదుంటే తెలిసేది మీకు!" అంది సుశీలమ్మ.

దించిన పాడెను వెనక్కి తీసుకుపోకూడదు. ముందుకూ కదలడం లేదు. ఎండ నడినెత్తిన ఉంది. లక్ష్మీపతి ముఖం మీద ఈగ వాలితే ఎవరో తువ్వాలుతో విసిరారు. కిషోర్ కుండ తాడును రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తల్లిని చూస్తాడు, తండ్రిని చూస్తాడు, నేలమీది చిన్నాయనను చూస్తాడు. కన్నీళ్లు గడ్డం మీదనుంచి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కమలాక్షి సుశీలమ్మ ముఖం చూసింది. ఆమెమీద కోపం వస్తుందేమోనని లోపల వెతుక్కుంది. రాలేదు. పెదవులు ఎండిపోయి, కళ్లు పెద్దవై, చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడిన ఆ ముఖం తనకు బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసుకునేదే. ఈ మనిషికి తన మొగుడు పోతాడని భయం. తనకు తన మొగుడి కట్టె కాలదేమోనని భయం. ఇద్దరూ భయపడి భయపడి, వండి వార్చి, ఉతికి ఆరేసి ఇక్కడిదాకా వచ్చారు. ఏళ్ల తరబడి తాను దేనికి వణికిందో అది ఈరోజు జరగనే జరిగింది. కిషోర్ పట్టలేకపోయాడు. వాడు రానని అననూ లేదు, తాను పెట్టింది తక్కువై కాదు, కోపమొచ్చి కాదు. నెయ్యి పోసినా పోయకున్నా ఇది ఇట్లాగే జరిగేది. జరిగాక చూస్తే ఆకాశం విరిగి పడలేదు. వంక అవతల ఎవరిదో ఆవు మేస్తోంది.

పక్కన జాహ్నవి తన మోచెయ్యి పట్టుకుని ఉంది. ఆ పిల్ల కుండకేసి చూడడం లేదు. తండ్రికేసి చూస్తోంది.

కమలాక్షికి మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. లక్ష్మీపతి అంగట్లో కూర్చుంటే కూటికి లేవడు. అంగడి నాలుగిళ్ల అవతలే. కిషోర్‌ను పంపితే "వస్తా పోరా" అంటాడు, రాడు. కమలాక్షి వెళ్తే "కనపడలేదా, బేరముండాది" అంటాడు. జాహ్నవి అంగడి గడపలో నిలబడి "నాయనా, కూడు తినేకి రా" అని ఒక్క కేక వేస్తే మాత్రం, తూకం తూకంలాగే వదిలేసి, చేతులు దులుపుకుంటూ వచ్చేవాడు. బళ్లో చదివే పిల్లప్పటినుంచి మొన్న మధ్యాహ్నం దాకా. ఏ మూలైనా ప్రాణముంటే కదిలేది ఆ పిలుపుకు. ఆయన చెవికి తెలిసిన పిలుపు అదొక్కటే.

మగవాళ్లలో రామచంద్రప్ప తెల్ల చొక్కా కనిపిస్తోంది. చేతులు వెనక్కి కట్టుకుని, అన్నీ చూస్తున్నాడు. నెమ్మదస్తురాలు. మాకు అదే కావల్ల. నెరిసిన తల, నడవలో దీపం, మళ్లీ కళ్ల ముందుకొచ్చాయి. రానీ అనుకుంది. వచ్చి ఒక పక్క నిలబడుకోనీ. ఇంక వాటిని మోసే ఓపిక తనకు లేదు.

"గంగులయ్యా" అంది. గొంతు తనది కానట్టు వచ్చింది. "ఆయన్ని నాయనా అని పిలిసే బిడ్డ ఒకటే ఉండాది. అది పిలుస్తాది."

గంగులయ్య చూశాడు. అందరూ చూశారు. గోవిందప్ప అప్పటికి వంకనుంచి ఇటు తిరిగాడు. "కమలాక్షీ, ఏం మాట్లాడతాండావు? ఆడబిడ్డ కుండ పట్టేదా? నలుగురూ ఉండారు. ఆ సంబంధమాయప్ప ఉండాడు. బుద్ధుండాదా నీకు?"

"నీ కొడుకుతో పిలిపిస్తావా బావా?" అంది కమలాక్షి. "పిలిపిస్తే పిలిపించు. లేకుంటే పక్కకు జరుగు."

బావగారి ముఖం చూసి ఆమె మాట్లాడడం అదే మొదటిసారి. గోవిందప్ప పక్కకు జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియనట్టు, జరిగాక తాను నిలబడ్డ చోటుకేసి చూసుకున్నాడు.

"పోమ్మా" అంది కమలాక్షి. జాహ్నవి కదల్లేదు. తల్లి ముఖంలోకి చూసింది, ఇది నిజమేనా, మళ్లీ వద్దంటావా అన్నట్టు. కమలాక్షి తన మోచేతిమీది ఆ పిల్ల వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. "పో. నువ్వు పిలిస్తేనే గదా వచ్చేది మీ నాయన."

జాహ్నవి వెళ్లి దుమ్ములో మోకాళ్లమీద కూర్చుంది. "నాయనా" అంది. అది పిలుపులాగా లేదు, గాలిలాగా ఉంది. "గట్టిగా" అన్నాడు గంగులయ్య. "నాయనా!" అంది. మూడోసారి ఆ పిల్ల తండ్రి చెవిమీద చెయ్యి అడ్డం పెట్టి, రోజూ అంగడి గడపలో నిలబడి పిలిచినట్టే పిలిచింది.

"నాయనా, కూడు తినేకి రా!"

గంగులయ్య అలా అనకూడదని చెప్పబోయి ఆగిపోయాడు. చూస్తున్న మగవాళ్లు తలలు దించుకున్నారు. సుశీలమ్మ బావురుమంది. లక్ష్మీపతి రాలేదు.

కిషోర్ తానే కుండ తెచ్చాడు. ఉట్టి తాడు తన వేళ్ల నుంచి విడిపించి, జాహ్నవి చేతికి చుట్టాడు. "ఎడం పక్కకు పట్టుకో జాహ్నవీ. గాలి ఇట్ల వస్తాంది, కాలు కాల్చుకుంటావు" అన్నాడు. తర్వాత వెళ్లి పాడెకు భుజం పెట్టాడు. శంఖం మోగింది. వంక దాటి పోతున్న వాళ్లలో ముందు తెల్లటి పంచెలు, వాటి ముందు తన కూతురి పాత ఆకుపచ్చ పంజాబీ డ్రస్సు కనిపించినంతసేపు కమలాక్షి చూసింది. కుండ నుంచి పొగ సన్నగా వెనక్కి వస్తోంది.

ఆడవాళ్లు తిరిగి నడిచారు. దారిలో సుశీలమ్మ అంది. "నామీద కోపంగా ఉండాదా కమలా?"

"లేదక్కా."

"ఇన్నేండ్లు నీ కొడుక్కు పెట్టినానే అని అడగవా?"

"ఆకలైతే పెట్టినా. దానికేముండాది అడిగేకి."

సుశీలమ్మ ఇంకేదో అనబోయింది. కమలాక్షి నడక ఆపలేదు.

ఇంటికొచ్చి, తలకు నీళ్లు పోసుకుని, దీపంలో నూనె వేసి, గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దు వాలుతుండగా మగవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరు గడప బయటే కాళ్లు కడుక్కుని, దీపం చూసి పోతున్నారు. జాహ్నవి బావి దగ్గర స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి తల్లి పక్కన కూలబడింది. ఒంటికి ఇంకా పొగ వాసన వస్తోంది. చేతికి తాడు ఒరుసుకున్న చోట ఎర్రగా గీత పడింది.

రామచంద్రప్ప కూడా వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. దీపం చూశాడు, జాహ్నవిని చూశాడు, కమలాక్షిని చూశాడు. ఒక్క మాట లేకుండా వెనక్కి తిరిగి, చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. మరో రోజైతే కమలాక్షి ఆ వీపు చూసి, ఆ నడకలో ఏముంది, కోపముందా, అసహ్యముందా, తొందరుందా అని రేపటిదాకా నూరుసార్లు తలుచుకునేది.

గోవిందప్ప అరుగుమీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. "సూసినావా? ఆయప్ప ఒక్క మాట మాట్లాడకుండా పొయినాడు."

"సావింటి నుంచి ఎవురూ సెప్పి పోరు గదా బావా" అంది కమలాక్షి.

అది నిజమే. చావింటినుంచి పోయొస్తామని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. సంబంధం ఉంచుకునేవాడూ అలాగే పోతాడు, వద్దనుకునేవాడూ అలాగే పోతాడు. గోవిందప్ప తువ్వాలు దులిపాడు.

ఎదురింటి కొండప్ప భార్య సంగటి తెచ్చి పెట్టింది. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. మూత తీస్తే ఆవిరి లేచింది. పక్క గిన్నెలో వంకాయ పులుసు. కిషోర్‌కు గిట్టదని ఆమెకు తెలియదు పాపం. "అందరికీ పెట్టమ్మా కమలాక్షీ, పొద్దున్నించీ ఎవురూ తిన్లేదు" అని, తెడ్డు ఆమె చేతిలో పెట్టి వెళ్లింది. కమలాక్షి అలవాటుగా లేచింది. అలవాటుగా గిన్నెను పాదాల మధ్య పెట్టుకుంది. కిషోర్ దూరంగా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నీ మంచికే సెప్తాండా" అన్నాడు గోవిందప్ప అరుగు మీదనుంచి. "తమ్ముని కొరివి ఎట్లో అయిపాయె. రేపు నీకేమన్నా అయితే? ఆ బిడ్డ యాడుంటాదో. నిన్ను కాటికి చేర్చేదెవురు? ఎప్పుడన్నా ఆలోసన చేసినావా?"

కమలాక్షి చేతిలో తెడ్డు ఆగింది. ఇన్నేళ్లూ ఆలోచించింది అదొక్కటే. మంచంలో, బస్సులో, బియ్యం చెరుగుతూ, సాక్సులు ఆరేస్తూ. ఇప్పుడు ఆలోచిద్దామని చూస్తే, అక్కడ ఏమీ దొరకలేదు.

"నేను పొయినాక నన్నేం చేసినా నాకు తెలీదు బావా" అంది. "ఇప్పుడు నాకు ఆకలైతాంది."

తడి చేత్తో పై ముద్ద తీసింది. దాన్ని రెండుగా చేసి, ఒకటి జాహ్నవి కంచంలో పెట్టి, వంకాయ పులుసు పోసింది. రెండోది తన కంచంలో వేసుకుని, మగవాళ్లందరూ చూస్తుండగా, గోడకు ఆనుకుని తినడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో అన్నేళ్లు సంగటి గెలికిన మనిషికి, పై ముద్ద ఎంత మెత్తగా ఉంటుందో ఆ సాయంత్రమే తెలిసింది.